పొద్దున తెరుచుకున్న ఫైలు మధ్యాహ్నానికి మొండికేస్తే: ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో సాంబా పర్మిషన్ల కేసు

షేర్డ్ ఫోల్డర్ పనిచేయడం లేదని మనకు ఫోన్ వచ్చేసరికి, చాలా షాపుల్లో ఎవరో ఒకరు ఫోల్డర్ మొత్తానికి 777 పర్మిషన్, అంటే అందరికీ అన్ని హక్కులూ, ఇచ్చేసి ఉంటారు. ఆ పూటకు అది పనిచేస్తుంది కూడా. మళ్లీ ఎందుకు చెడిపోయిందని మాత్రం ఎవరూ అడగరు. ఈ కేసంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది కాబట్టి రాసి పెడుతున్నాను. షాపు హనుమకొండలో ఉంది. పేరు, వీధి, మనుషుల వివరాలు తీసేశాను. ఎవరైనా గుర్తుపట్టేలా ఉన్న ఒకటి రెండు సంగతులు మార్చాను. సాంకేతిక విషయాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

షాపు, మెషీన్లు

పెళ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, ఫ్లెక్సీలు వేసే ప్రెస్. మేడారం జాతర ఉన్న ఏడాది ఫ్లెక్సీల పని రాత్రింబవళ్లు నడుస్తుంది. మిగతా కాలమంతా ముహూర్తాలను బట్టి గిరాకీ. కౌంటర్ దగ్గర ఒక కంప్యూటర్, లోపల డిజైనర్లవి రెండు, ఫ్లెక్సీ మెషీన్ పక్కన రిప్ సాఫ్ట్‌వేర్ (డిజైన్‌ను మెషీన్ ముద్రించగలిగే రూపంలోకి మార్చేది) నడిచేది ఇంకొకటి. నాలుగూ విండోసే. కోరల్‌డ్రా, ఫొటోషాప్, అను ఫాంట్లు లేకుండా మన దగ్గర ప్రెస్ నడవదు, కాబట్టి అక్కడ లినక్స్ పెట్టమని చెప్పే ప్రశ్నే లేదు.

ఫైళ్లన్నీ ఒకచోట ఉండాలని యజమాని కొడుకు పాత కంప్యూటర్ మీద ఉబుంటు 22.04 అనే లినక్స్ వేసి, సాంబా పెట్టాడు. విండోస్ కంప్యూటర్లు ఫోల్డర్లు పంచుకునే ఎస్ఎంబీ భాషను లినక్స్‌కు నేర్పే సాఫ్ట్‌వేర్ సాంబా. ఇంజినీరింగ్ చదివే పిల్లాడు, చురుకైనవాడు. విండోస్ సర్వర్ లైసెన్సు ఖర్చు లేకుండా పని జరిగిపోయింది. మొదట్లో రెండే కంప్యూటర్లు కలిశాయి. ఏడాది తర్వాత రిప్ మెషీన్, ఆ తర్వాత కొత్త విండోస్ 11 ప్రో కంప్యూటర్ వచ్చి చేరాయి. సర్వర్ కంప్యూటర్ ఊరికే ఉండడం ఎందుకని ఆ కుర్రాడు దాని ముందే కూర్చుని కస్టమర్లు వాట్సాప్‌లో పంపే ఫొటోలు, మ్యాటరు దించి జాబ్ ఫోల్డర్లలో వేస్తుంటాడు. అంటే ఒకే ఫోల్డర్‌లోకి ఫైళ్లు రెండు దారుల్లో వస్తున్నాయి: విండోస్ నుంచి సాంబా ద్వారా, లినక్స్ మీద నేరుగా. ఇది గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

వచ్చిన ఫిర్యాదు

యజమాని మాటల్లోనే: "పొద్దుగాల మంచిగనే ఉంటది తమ్మీ, మధ్యాహ్నం బువ్వ తిని వచ్చేసరికి ఖరాబైతది."

ఎండాకాలం, పైన రేకుల కప్పు. నెట్‌వర్క్ స్విచ్ వేడెక్కి ఇలా అవుతోందని వాళ్లకు ఎవరో చెప్పారు. స్విచ్ మార్చారు, కేబుళ్లు మార్చారు. మార్పు లేదు. అంతకంటే తలనొప్పి ఏంటంటే, ఆగిపోయే మనిషి రోజుకొకరు. ఒకరోజు కౌంటర్‌లో ఉండే అమ్మాయికి ఆర్డర్ల ఎక్సెల్ ఫైలు రీడ్ ఓన్లీగా తెరుచుకుంటుంది. మర్నాడు ఆమెకు బాగుంటుంది, డిజైనర్‌కు రీడ్ ఓన్లీ. "ఆయన కావాలనే లాక్ చేసి పెడ్తుండన్నా" అని ఆమె, "నేనెందుకు చేస్త" అని ఆయన.

సేవ్ కాకపోతే జనం పని ఆపుకోరు, సేవ్ యాజ్ కొడతారు. అలా ఆర్డర్ల ఫైలుకు "కొత్తది", "ఫైనల్", "ఫైనల్ 2" అనే పిల్లలు పుట్టాయి. ఒక పెళ్లి కార్డుకు ముహూర్తం సమయం దిద్దిన విషయం ఒక కాపీలో ఉంది, ప్రింటింగ్‌కు చూసింది ఇంకో కాపీ. కార్డులు మళ్లీ వేయాల్సి వచ్చింది. నన్ను పిలిచింది ఆ నష్టం తర్వాతే.

ముందే జరిగిన ప్రయత్నాలు

ఏ కేసులోనైనా నేను మొదట అడిగేది ఇదే: ఇప్పటిదాకా ఎవరెవరు ఏమేం మార్చారు? ఇక్కడ మూడు సంగతులు బయటపడ్డాయి.

మొదటిది, కుర్రాడు జాబ్స్ ఫోల్డర్ మొత్తానికి పర్మిషన్లు మార్చే సీహెచ్‌మోడ్ కమాండ్‌తో 777 ఇచ్చాడు. రెండోది, కొత్త విండోస్ 11 కంప్యూటర్ కలవకపోతే ఇంతకుముందు వచ్చిన సర్వీస్ మనిషి షేర్‌కు గెస్ట్ యాక్సెస్ తెరిచాడు. దాంతో రిప్ మెషీన్ పాస్‌వర్డ్ అడగకుండా కలిసింది కానీ విండోస్ 11 మాత్రం "సంస్థ భద్రతా విధానం గెస్ట్‌ను అడ్డుకుంటోంది" అనే అర్థం వచ్చే మెసేజ్ చూపించి ఆగిపోయింది. చివరికి దానికి ఎవరిదో పాస్‌వర్డ్ కొట్టి నెట్టుకొస్తున్నారు.

మూడోది ఎవరూ చెప్పలేదు. "పొద్దున బాగుంటుంది" అన్న మాట నన్ను వదల్లేదు. ఎలక్ట్రానిక్ వస్తువు వేడెక్కితే ఫైళ్లన్నీ కలిపి పడిపోవాలి, లేదా స్పీడ్ తగ్గాలి. ఒకే ఫైలు ఒకరికి రాసే హక్కుతో, ఇంకొకరికి చదివే హక్కుతో మాత్రమే తెరుచుకోవడం వేడి చేసే పని కాదు. రోజూ ఒకే సమయానికి బాగుపడుతోందంటే రోజూ ఎవరో బాగుచేస్తున్నట్టే. రూట్ (సర్వ హక్కులూ ఉన్న) యూజర్ క్రాన్‌ట్యాబ్, అంటే నిర్ణీత వేళకు వాటంతటవే నడిచే కమాండ్ల జాబితా, తెరిచి చూస్తే ఉంది: పొద్దున ఏడింటికి జాబ్స్ ఫోల్డర్ మొత్తానికి 777. మొదటి ఏడాదిలో పెట్టి కుర్రాడు మరిచిపోయాడు. షాపు తెరిచేసరికి అన్నీ సరిగ్గా ఉంటాయి. పని మొదలయ్యాక ఒక్కొక్క ఫైలే చెడిపోతూ వస్తుంది.

అంటే వెతకాల్సింది "ఇప్పుడు పర్మిషన్ ఏముంది" అని కాదు. "పనివేళల్లో పర్మిషన్‌ను ఎవరు మారుస్తున్నారు" అని.

ఎవరు మారుస్తున్నారు

క్రాన్‌ను వెంటనే తీసేయలేదు. అది ఉంటేనే మార్పు ఎక్కడ మొదలవుతోందో పొద్దున్నుంచి చూడొచ్చు.

టెస్ట్ కోసం ఒక ఫోల్డర్ తీసుకుని అందులో ఒక నోట్‌ప్యాడ్ టెక్స్ట్ ఫైలు, ఒక ఎక్సెల్ ఫైలు పెట్టాను. రెండింటికీ ఓనర్ కౌంటర్ యూజర్, రెండూ 777. డిజైనర్ కంప్యూటర్ నుంచి రెండూ తెరిచి, ఒక ముక్క మార్చి, సేవ్ చేయించాను. లినక్స్‌లో ఫైళ్ల వివరాలు చూపే ఎల్ఎస్ కమాండ్‌కు ఐనోడ్ నంబర్ (పేరు ఏదైనా డిస్క్ మీద ఫైలుకు ఉండే సొంత నంబర్) చూపించే ఆప్షన్ కూడా ఇచ్చి ముందూ తర్వాతా పోల్చాను. నోట్‌ప్యాడ్ ఫైలు ఐనోడ్ అదే, ఓనర్ అదే, 777 అలాగే ఉంది. ఎక్సెల్ ఫైలుకు ఐనోడ్ నంబరే మారిపోయింది. ఓనర్ డిజైనర్ అయ్యాడు. పర్మిషన్ 744 అయింది. (మూడు అంకెలు వరుసగా ఓనర్, గ్రూపు, మిగతావారి హక్కులు. 7 అంటే అన్నీ, 6 అంటే చదవడం, రాయడం, 4 అంటే చదవడం మాత్రమే.)

కారణం ఎక్సెల్, వర్డ్ సేవ్ చేసే పద్ధతిలో ఉంది. అవి పాత ఫైలు మీదే రాయవు. పక్కన తాత్కాలికంగా ఒక కొత్త ఫైలు రాస్తాయి, పాతదాన్ని తీసేస్తాయి, కొత్తదానికి పాత పేరు పెడతాయి. కరెంటు పోయినా డాక్యుమెంట్ పోకుండా ఉండడానికి అది మంచి పద్ధతే. కానీ లినక్స్ దృష్టిలో అది వేరే ఫైలు. పేరొక్కటే పాతది. పాత ఫైలుకు మనం ఇచ్చిన 777 దానితోనే పోయింది.

మరి 744 ఎక్కడి నుంచి? సాంబాకు క్రియేట్ మాస్క్ అనే సెట్టింగ్ ఉంటుంది, కొత్త ఫైలుకు గరిష్ఠంగా ఏ పర్మిషన్లు ఉండొచ్చో అది చెబుతుంది. కాన్ఫిగ్ ఫైలులో ఏమీ రాయకపోతే దాని విలువ 0744. ఓనర్‌కు అన్నీ, గ్రూపుకూ మిగతావారికీ చదవడం మాత్రమే. ఫోల్డర్లకు డైరెక్టరీ మాస్క్ 0755. సాంబా కాన్ఫిగ్‌ను చూపించే టెస్ట్‌పార్మ్ కమాండ్ మామూలుగా నడిపితే మనం రాసినవే కనిపిస్తాయి. వెర్బోస్ ఆప్షన్ ఇస్తే ఇలా రాయకుండానే అమల్లో ఉన్నవి కూడా చూపిస్తుంది. సాంబా సమస్యల్లో సగం ఈ రాయని గీతల్లోనే ఉంటాయి.

దీంతో రోజుకొకరికి ఎందుకు ఆగుతోందో తేలిపోయింది. పొద్దున ఆర్డర్ల ఫైలు అందరికీ 777. ఎవరు ముందు సేవ్ చేస్తే ఫైలు వాళ్లదై 744 అవుతుంది, ఆ రోజుకు మిగతావాళ్లు చూడాల్సిందే. కౌంటర్ అమ్మాయి ముందు సేవ్ చేసిన రోజు డిజైనర్ ఆగాడు, ఆయన ముందు సేవ్ చేసిన రోజు ఆమె ఆగింది. ఇద్దరినీ స్క్రీన్ ముందు నిలబెట్టి చూపించాను. పర్మిషన్ల కంటే ముందు షాపులో తీరాల్సిన పంచాయితీ అది.

ఇంకో విచిత్రం కూడా అర్థమైంది. సేవ్ చేయలేని ఫైలును డిలీట్ మాత్రం చేయగలుగుతున్నారు. విండోస్‌కు అలవాటైనవాళ్లకు ఇది తిరకాసుగా ఉంటుంది. లినక్స్‌లో ఫైలు లోపల రాయాలంటే ఫైలు మీద హక్కు కావాలి. దాన్ని తీసేయాలన్నా పేరు మార్చాలన్నా అది ఉన్న ఫోల్డర్ మీద హక్కు చాలు. పాత ఫోల్డర్లన్నీ 777 కాబట్టి డిలీట్ అవుతోంది. ఆ రోజే కొత్తగా తయారుచేసిన ఫోల్డర్లు 755 కాబట్టి వాటిలో ఇంకొకరు ఫైలు పెట్టలేరు కూడా. "సేవ్ కాదు, డిలీట్ అవుతుంది" అని ఎవరైనా అంటే ఫోల్డర్ సరిగ్గా ఉంది, ఫైలు దగ్గర వెతకమని అర్థం.

రిప్ మెషీన్ ఫైళ్ల ఓనర్ ఎవరు

రిప్ మెషీన్ నుంచి వచ్చిన ఫైళ్లకు ఓనర్ నోబడీ (ఏ మనిషికీ చెందని లినక్స్ యూజర్) అని ఉంది. ఉబుంటులో సాంబా ఇన్‌స్టాల్ చేస్తే వచ్చే కాన్ఫిగ్ ఫైలులోనే "మ్యాప్ టు గెస్ట్, బ్యాడ్ యూజర్" అనే గీత ఉంటుంది. తనకు తెలియని యూజర్ పేరుతో ఎవరైనా వస్తే తిప్పి పంపకుండా గెస్ట్‌గా లోపలికి తీసుకోమని దాని అర్థం. షేర్‌లో గెస్ట్ తెరవనంత వరకు దానితో ఇబ్బంది లేదు. అది తెరిచిన క్షణం నుంచి రిప్ మెషీన్ తన విండోస్ యూజర్ పేరుతో వచ్చి, పేరు దొరక్క, చప్పుడు లేకుండా గెస్ట్ అయిపోయింది. విండోస్ 10 హోమ్ కాబట్టి అది కూడా అడ్డుచెప్పలేదు.

విండోస్ 11 ప్రో 24హెచ్2 వెర్షన్ మాత్రం గెస్ట్‌ను ఒప్పుకోదు. పైగా ప్రతి ఎస్ఎంబీ సందేశానికీ సంతకం ఉండాలంటుంది. పాస్‌వర్డ్ లేని గెస్ట్‌కు సంతకం చేసే తాళమే ఉండదు. రిజిస్ట్రీలో ఈ రెండు రక్షణలూ ఆపేస్తే కలుస్తుందని ముందు వచ్చిన సర్వీస్ మనిషి చెప్పి వెళ్లాడట. నేను వద్దన్నాను. ఈ ప్రెస్‌కు రోజూ పదిమంది పెన్‌డ్రైవ్‌లు తెచ్చి గుచ్చుతారు. 2017 మే నెలలో వన్నాక్రై (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ప్రపంచమంతా పాకింది ఎస్ఎంబీలోని పాత లోపం పట్టుకునే. ఒక కంప్యూటర్‌లో పర్మిషన్ సమస్య తీర్చడానికి తలుపులు తీసేయడం నాకు సబబుగా అనిపించలేదు. గెస్ట్ వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది: గెస్ట్‌గా వచ్చినవాళ్లందరి ఫైళ్లూ నోబడీ పేరు మీదే ఉంటాయి, ఎవరు ఏం మార్చారో యజమానికి ఎప్పటికీ తెలియదు.

పనిచేయని దారులు

అసలు అతి సులువైన దారి ఫోర్స్ యూజర్. సాంబా ద్వారా ఎవరు వచ్చినా ఫైళ్లన్నీ ఒకే లినక్స్ యూజర్ పేరు మీద తయారయ్యేలా ఒక గీత రాస్తే సరిపోతుంది. ఇద్దరు ముగ్గురుండే జిరాక్స్ సెంటర్ అయితే నేను అదే పెట్టి వచ్చేస్తాను, తప్పేమీ లేదు. ఇక్కడ పెట్టకపోవడానికి కారణం ఆ పెళ్లి కార్డే. చివరిగా ఎవరు సేవ్ చేశారో ఫైలు ప్రాపర్టీస్‌లో కనిపించాలని యజమాని పట్టుబట్టాడు. అడిగింది న్యాయమే.

కాబట్టి ఒక గ్రూపు పెట్టాలి, అందరూ అందులో ఉండాలి, ప్రతి ఫైలూ ఆ గ్రూపుకు చెంది గ్రూపుకు రాసే హక్కుతో తయారుకావాలి. ప్రెస్ అనే గ్రూపు పెట్టి, టెస్ట్ ఫోల్డర్‌కు సెట్ జీఐడీ బిట్ ఇచ్చాను, అంటే 2770. ఈ బిట్ ఉంటే లోపల తయారయ్యే ప్రతి ఫైలూ ఫోల్డర్ గ్రూపునే తీసుకుంటుంది. ఎక్సెల్ సేవ్ చేయించి చూస్తే గ్రూపు ప్రెస్ అనే వచ్చింది, పర్మిషన్ మాత్రం 744 గానే ఉంది. గ్రూపు కుదిరింది, రాసే హక్కు లేదు. సెట్ జీఐడీ చేసేది అంతవరకే. చాలామంది ఇక్కడ ఆగి "గ్రూపు పెట్టినా పనిచేయలేదు" అని మళ్లీ 777కు వెళ్లిపోతారు.

తర్వాత డిఫాల్ట్ ఏసీఎల్ (మామూలు మూడు అంకెలకు అదనంగా రాసే హక్కుల జాబితా) పెట్టి చూశాను. ఫోల్డర్ మీద సెట్‌ఎఫ్ఏసీఎల్‌తో "ఇక మీదట ఇందులో వచ్చే ప్రతిదానికీ ప్రెస్ గ్రూపుకు పూర్తి హక్కు" అని రాసిపెట్టొచ్చు. విండోస్ నుంచి వచ్చినా లినక్స్ మీద తయారైనా వర్తిస్తుంది కాబట్టి ఒక్క దెబ్బతో రెండు దారులూ తీరుతాయని దీన్ని ఎంచుకున్నాను. కౌంటర్ నుంచి ఎక్సెల్ సేవ్ చేయించాం. డిజైనర్‌కు మళ్లీ రీడ్ ఓన్లీ.

ఆ జాబితాను చూపే గెట్‌ఎఫ్ఏసీఎల్‌లో చూస్తే ప్రెస్ గ్రూపుకు చదవడం, రాయడం, ఎక్స్ (నడపడం) అన్నీ ఉన్నాయి. పక్కనే చిన్నగా "ఎఫెక్టివ్" అని రాసి చదవడం మాత్రమే. ఏసీఎల్ ఉన్న ఫైలుకు మాస్క్ అనే గీత ఒకటి ఉంటుంది. గ్రూపులకు ఎంత ఇచ్చినా ఆ మాస్క్ దాటి పోదు. ఫైలు తయారుచేసే ప్రోగ్రాం అడిగిన పర్మిషన్‌లో గ్రూపు అంకె ఎంతో దాన్ని బట్టే ఆ మాస్క్ కుదించుకుంటుంది. సాంబా అడిగింది 0744. అందులో గ్రూపు అంకె 4. అంతే, మాస్క్ చదవడానికి పరిమితమైంది. ఏసీఎల్‌లో నిండుగా కనిపించే హక్కు కాగితం మీదే మిగిలింది.

ఇది రెండు తాళాల బీరువా. సాంబా తాళం ఒకటి, లినక్స్ తాళం ఒకటి, ఒకటి తీసి రెండోది వదిలేస్తే తలుపు రాదు. సమస్య వచ్చినప్పుడు ఏ తాళం దగ్గర ఉన్నామో తెలుసుకోకుండా రెండింటినీ కలిపి తిప్పితే, పని జరిగినా ఎందుకు జరిగిందో తెలియదు. అందుకే ఇక్కడ ఒక్కొక్క మార్పే చేసి, ప్రతిసారీ ఎక్సెల్‌తో సేవ్ చేయించి చూశాను. నోట్‌ప్యాడ్‌తో పరీక్షిస్తే అన్ని మెట్టుల్లోనూ "పనిచేస్తోంది" అనే వచ్చేది.

పనిచేసింది

సాంబా కాన్ఫిగ్‌లో జాబ్స్ షేర్‌కు క్రియేట్ మాస్క్ 0660, ఫోర్స్ క్రియేట్ మోడ్ 0660, డైరెక్టరీ మాస్క్ 2770, ఫోర్స్ డైరెక్టరీ మోడ్ 2770 రాశాను. మాస్క్ అంటే ఇంతకు మించి వద్దని, ఫోర్స్ అంటే ఇంతకు తగ్గవద్దని. రెండూ ఒకటే అంకె పెడితే కొత్త ఫైలు ఎప్పుడూ ఒకే హక్కులతో వస్తుంది. ఫోల్డర్ల మీద సెట్ జీఐడీ, డిఫాల్ట్ ఏసీఎల్ రెండూ ఉంచాను. ఇప్పుడు సాంబా అడిగే గ్రూపు అంకె 6 కాబట్టి ఏసీఎల్ మాస్క్ కూడా తెరుచుకుంది. ఇన్‌హెరిట్ ఏసీఎల్స్ అనే ఇంకో సెట్టింగ్‌తో కూడా ఇదే సాధించొచ్చు. కానీ రేపు కాన్ఫిగ్ తెరిచి చూసేది కుర్రాడు. 0660 చూస్తే అతనికి వెంటనే అర్థమవుతుంది.

వ్యాలిడ్ యూజర్స్‌లో ప్రెస్ గ్రూపు. గెస్ట్ మూసేశాను, మ్యాప్ టు గెస్ట్‌ను నెవర్ చేశాను. ప్రతి మనిషికీ లినక్స్ యూజర్, ఎస్ఎంబీపాస్‌డబ్ల్యూడీ కమాండ్‌తో విడిగా సాంబా పాస్‌వర్డ్. ఈ రెండు పాస్‌వర్డ్‌లు వేర్వేరు చోట్ల ఉంటాయి, లినక్స్‌ది మారిస్తే సాంబాది దానంతట అది మారదు.

ఇక్కడ కాస్త టెన్షన్ పడ్డారు. యూజర్లను గ్రూపులో చేర్చిన వెంటనే డిజైనర్ ప్రయత్నించి "ఏం మారలేదన్నా" అన్నాడు. మారదు. ఒక మనిషి ఏయే గ్రూపుల్లో ఉన్నాడో సాంబా లాగిన్ అయిన క్షణంలో చూసుకుంటుంది. అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్ పాత గ్రూపులతోనే నడుస్తుంది. ఎవరెవరు కలిసి ఉన్నారో చూపే ఎస్ఎంబీస్టేటస్‌లో ఆ పాత సెషన్ కనిపిస్తూనే ఉంది. విండోస్‌లో సైన్ అవుట్ చేయించి మళ్లీ వస్తే పనిచేసింది. రిప్ మెషీన్‌లో ఇంకో అడ్డు: కొత్త యూజర్ పేరు కొడితే ఎర్రర్ 1219. ఒక సర్వర్‌కు ఒకేసారి రెండు పేర్లతో కలవడం విండోస్ ఒప్పుకోదు, పాత గెస్ట్ కనెక్షన్ ఇంకా పట్టుకుని ఉంది. నెట్ యూజ్ కమాండ్‌తో అన్నీ తెంపేసి, క్రెడెన్షియల్ మేనేజర్‌లో కొత్త పేరు, పాస్‌వర్డ్ పెట్టాక కలిసింది. ఈ రెండూ తెలియకపోతే సరైన మార్పు చేసి కూడా తప్పు చేశామనుకుని వెనక్కి తీసేస్తాం.

పాత ఫైళ్లను సరిచేసే ముందు గెట్‌ఎఫ్ఏసీఎల్‌ను రికర్సివ్‌గా నడిపి, ఉన్న పర్మిషన్లన్నీ ఒక టెక్స్ట్ ఫైలులో దాచాను. ఏదైనా తేడా వస్తే సెట్‌ఎఫ్ఏసీఎల్ రిస్టోర్ ఆప్షన్‌తో అదే స్థితికి వెనక్కి రావచ్చు. తర్వాత గ్రూపు మార్చి, ఫైండ్ కమాండ్‌తో ఫోల్డర్లకు విడిగా 2770, ఫైళ్లకు విడిగా 660 ఇచ్చి, చివరగా ఏసీఎల్. అన్నింటికీ ఒకే అంకె కొట్టడమే 777 తెచ్చిన అలవాటు, ఫైళ్లకు ఎక్స్ బిట్‌తో పనే లేదు. ఇదంతా అయ్యాకే క్రాన్‌లోని ఆ గీత తీసేశాను.

లినక్స్ వైపు దారి

విండోస్ కంప్యూటర్ల మధ్య గొడవ ఆగింది. కానీ కుర్రాడు వేసే వాట్సాప్ ఫొటోలను డిజైనర్లు ఇంకా తెరవలేకపోతున్నారు. డిఫాల్ట్ ఏసీఎల్ ఉన్నా ఎందుకు?

ఆ ఫొటోలు జాబ్ ఫోల్డర్‌లో తయారు కావడం లేదు. బ్రౌజర్ వాటిని అతని డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో దించుతుంది. అక్కడి నుంచి మౌస్‌తో లాగి జాబ్ ఫోల్డర్‌లో వేస్తాడు. రెండు ఫోల్డర్లూ ఒకే డిస్క్ మీద ఉంటే అది కాపీ కాదు, ఉన్న ఫైలుకే చిరునామా మార్పు. ఓనర్, గ్రూపు, పర్మిషన్లు అన్నీ డౌన్‌లోడ్స్‌లో ఎలా ఉన్నాయో అలాగే వస్తాయి. సెట్ జీఐడీ, డిఫాల్ట్ ఏసీఎల్ రెండూ కొత్తగా తయారయ్యే వాటికే వర్తిస్తాయి. మూవ్ చేసినవాటిని అవి అసలు పట్టించుకోవు.

బ్రౌజర్ నేరుగా షేర్ ఫోల్డర్‌లోనే దించేలా పెడదామంటే, ఉబుంటు 22.04లో ఫైర్‌ఫాక్స్ స్నాప్ (చుట్టూ కంచె వేసిన) ప్యాకేజీగా వస్తుంది, హోమ్ ఫోల్డర్ బయట రాయడానికి దానికి మామూలుగా అనుమతి ఉండదు. మూవ్ చేయొద్దు, కాపీ చేయమని చెప్పొచ్చు. కానీ గిరాకీ నెత్తిమీద ఉన్నప్పుడు గుర్తుపెట్టుకోవాల్సిన నియమం ఎక్కువ రోజులు నిలవదని నా అనుభవం. అందుకని సర్వర్ కంప్యూటర్ నుంచి కూడా అతన్ని సాంబా ద్వారానే పంపాను. ఫైల్ మేనేజర్‌లో లోకల్‌హోస్ట్ షేర్‌ను అతని యూజర్‌తో తెరిచి బుక్‌మార్క్ పెట్టాను. ఆ దారిలో లాగి వేస్తే లినక్స్‌కు అది వేరే చోటు, కాబట్టి కాపీ అయి కొత్త ఫైలుగా 660తో వస్తుంది. జాబ్స్ ఫోల్డర్‌కు పాత నేరు బుక్‌మార్క్ తీసేశాను. డిఫాల్ట్ ఏసీఎల్‌ను మాత్రం ఉండనిచ్చాను, ఎప్పుడైనా టెర్మినల్‌లో ఏదైనా తయారుచేస్తే అక్కరకొస్తుంది.

పాత జాబ్‌లు ఉన్న, విండోస్ పద్ధతి (ఎన్‌టీఎఫ్ఎస్) హార్డ్ డిస్క్ ఇంకో కథ, చిన్నదే. దాని మీద సీహెచ్‌మోడ్ కొడితే ఎర్రర్ రాదు, ఏమీ మారదు. ఎన్‌టీఎఫ్ఎస్-3జీ డ్రైవర్ మామూలుగా ఆ కమాండ్‌ను నిశ్శబ్దంగా మింగేస్తుంది. అక్కడ పర్మిషన్లు మౌంట్ చేసేటప్పుడే, అంటే డిస్క్‌ను సిస్టమ్‌కు తగిలించేటప్పుడే, నిర్ణయమవుతాయి. పైగా అది కుర్రాడి పేరున్న మీడియా ఫోల్డర్ కింద మౌంట్ అవుతోంది, ఆ దారిలోకి అతనికి తప్ప ఇంకెవరికీ ప్రవేశం ఉండదు. నేమ్ఐ కమాండ్‌కు ఎల్ ఆప్షన్‌తో పూర్తి పాత్ ఇస్తే దారిలో ఒక్కొక్క ఫోల్డర్ పర్మిషన్ చూపిస్తుంది, ఎక్కడ ఆగిందో అక్కడే కనిపించింది. ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో వేరే చోట ప్రెస్ గ్రూపుతో, డీమాస్క్ 007, ఎఫ్‌మాస్క్ 117తో (అంటే ఫోల్డర్లకు 770, ఫైళ్లకు 660) మౌంట్ చేశాను. డిస్క్ పీకేసినా సిస్టమ్ బూట్ ఆగకుండా నోఫెయిల్ కూడా.

తర్వాత వచ్చిన ప్రశ్నలు

అందరికీ రాసే హక్కంటే అందరికీ డిలీట్ చేసే హక్కు కూడా. యజమానికి అది నచ్చలేదు. ఎవరి ఫైలు వాళ్లే తీసేయగలిగేలా స్టిక్కీ బిట్ పెట్టమని కుర్రాడు అన్నాడు, ఎక్కడో చదివాడట. ఈ షాపులో అది పెడితే మొదటికే మోసం. ఎక్సెల్ సేవ్ చేయడమంటేనే పాత ఫైలును తీసేయడం. ఇంకొకరి ఫైలు తీసేయొద్దంటే ఇంకొకరి ఫైలు సేవ్ చేయొద్దన్నట్టే. దాని బదులు సాంబాలో రీసైకిల్ మాడ్యూల్ పెట్టాను. షేర్ నుంచి డిలీట్ చేసినవి దాచిన ఫోల్డర్‌లోకి వెళ్తాయి. అది నిండిపోకుండా చూసుకునే పని కుర్రాడిది. జమాఖర్చుల ఫోల్డర్‌కు వేరే షేర్, అందులో యజమాని, కౌంటర్ యూజర్ ఇద్దరే.

మళ్లీ ఏదైనా వస్తే ఏమీ మార్చకుండా ముందు మూడు ఫొటోలు పంపమని కుర్రాడికి చెప్పాను: ఆ ఫైలు గెట్‌ఎఫ్ఏసీఎల్, దాని పూర్తి పాత్ నేమ్ఐ, అప్పటి ఎస్ఎంబీస్టేటస్. మొదటిది చూస్తే ఫైలు సంగతి, రెండోది చూస్తే దారి సంగతి, మూడోది చూస్తే ఎవరు ఏ పేరుతో వచ్చారో తెలుస్తుంది.

ఆ తర్వాత ఒకసారి ఫొటోలు వచ్చాయి. ఆర్డర్ల ఫైలు మళ్లీ తెరుచుకోవడం లేదట. పర్మిషన్ 660, గ్రూపు ప్రెస్, దారి మొత్తం సరిగ్గానే ఉంది. ఎక్సెల్ చూపించిన మెసేజ్ ఏంటని అడిగితే రీడ్ ఓన్లీ కాదు, "లాక్డ్ ఫర్ ఎడిటింగ్" అని, కింద కౌంటర్ అమ్మాయి పేరు. అది పర్మిషన్ కాదు, లాక్. కరెంటు పోయి ఆమె కంప్యూటర్ ఆగిపోయినప్పుడు, టిల్డ, డాలర్ గుర్తులతో మొదలయ్యే ఎక్సెల్ చిన్న ఫైలు ఫోల్డర్‌లో ఉండిపోయింది. ఎస్ఎంబీస్టేటస్‌లో ఆ ఆర్డర్ల ఫైలు ఎవరి దగ్గరా తెరిచి లేదని రూఢి చేసుకుని, ఆ చిన్న ఫైలొక్కటి తీసేయమన్నాను.